కెనడా పీఆర్ ఉండి బెంగళూరుకీ అక్కడికీ తిరుగుతున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు మన తెలుగువాళ్లలో కెనడా పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్స్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) తెచ్చుకుని ఏదో కారణంతో ఇక్కడే ఉండిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకళ్లకి ఇక్కడ మంచి జీతం, ఇంకొకళ్లకి అమ్మానాన్నల ఆరోగ్యం, ఇంకొకళ్లకి పిల్లల స్కూలు. వాళ్లందరూ అడిగేవి దాదాపు ఇవే డౌట్లు, ప్రతిసారీ ఫోన్‌లో మొదట్నుంచీ చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాశా. మీ స్టేజ్ ఏదో చూసుకుని ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## అసలు రూలు ఏంటి

730 రోజులు అంటారు కదా, అంటే ఆర్నెల్లకోసారి వెళ్లి రావాలా?

అక్కర్లేదు. ఏ ఐదేళ్లు తీసుకున్నా అందులో మొత్తం 730 రోజులు కెనడాలో ఉండాలి, అంతవరకే రూలు. వరసగా రెండేళ్లు ఉన్నా సరే, ముక్కలు ముక్కలుగా ఉన్నా సరే. "ఆర్నెల్లు దాటితే పోతుంది" అనే మాట రెండు చోట్ల నుంచి వచ్చింది, ఒకటి అమెరికా గ్రీన్ కార్డు, అక్కడ ఆర్నెల్లు, సంవత్సరం దాటితే నిజంగానే ఇబ్బందులు ఉంటాయి, మన బంధువుల్లో ఎవరో ఒకరు అక్కడ ఉంటారు కాబట్టి ఆ భయం మనకి అంటుకుంది. రెండోది కెనడా పాత చట్టం, అందులో పన్నెండు నెలల్లో 183 రోజులకి మించి బయట ఉంటే పీఆర్ వదిలేసుకున్నట్టు లెక్కేసేవాళ్లు. 2002 జూన్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక అది పోయింది, ఇప్పుడు 28వ సెక్షన్‌లో ఉన్నది 730 రోజుల లెక్క ఒక్కటే.

ఏ ఐదేళ్లు? పీఆర్ వచ్చిన రోజు నుంచా, కార్డు మీద ఉన్న తేదీ నుంచా?

అందరూ తడబడేది ఇక్కడే. ఆఫీసర్ మిమ్మల్ని చెక్ చేసే రోజు ఏదైతే ఉందో, ఆ రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు లెక్కపెడతారు. ఎయిర్‌పోర్ట్‌లో దిగిన రోజు కావచ్చు, కార్డు రెన్యూవల్‌కి అప్లై చేసిన రోజు కావచ్చు, కార్డు లేనివాళ్లు వెనక్కి వెళ్లడానికి తీసుకునే ట్రావెల్ డాక్యుమెంట్‌కి అప్లై చేసిన రోజు కావచ్చు. ఉదాహరణకి 2026 ఆగస్టు 1న దిగితే 2021 ఆగస్టు 1 నుంచి ఆ ముందు రోజు దాకా మీరు కెనడాలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే ప్రశ్న. అంటే పాతకాలంలో మీరు అక్కడ ఉన్న రోజులు ఒక్కొక్కటే లెక్కలోంచి జారిపోతూ ఉంటాయి. 2019, 2020లో మొత్తం టొరంటోలోనే ఉన్నానండీ అంటే ఇప్పుడు ఆ రోజులకి విలువ లేదు.

పీఆర్ వచ్చి ఇంకా ఐదేళ్లు నిండనివాళ్లకి మాత్రం లెక్క కొంచెం దయగా ఉంటుంది. ఇప్పటికే 730 పూర్తి చేశారా అని అడగరు, మొదటి ఐదేళ్లు ముగిసేలోపు 730 పూర్తి చేసే వీలు ఇంకా ఉందా అని చూస్తారు.

విమానం ఎక్కిన రోజు, దిగిన రోజు లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. రోజులో కాసేపు కెనడాలో ఉన్నా అది పూర్తి రోజే. రాత్రి పదకొండింటికి టొరంటోలో దిగినా ఆ రోజు మీదే, బెంగళూరు వచ్చేటప్పుడు అక్కడ ఫ్లైట్ ఎక్కిన రోజు కూడా మీదే. ట్రాన్సిట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దుబాయ్‌లోనో గడిచిన రోజు మాత్రం లెక్కలోకి రాదు.

అక్కడ టాక్స్ ఫైల్ చేస్తున్నా, బ్యాంక్ అకౌంట్ ఉంది, బ్రాంప్టన్‌లో ఇల్లు కూడా కొన్నా. పీఆర్ సేఫేనా?

వాటివల్ల ఒక్క రోజు కూడా కలవదు. ఇల్లు, అకౌంటు, టాక్స్, ఫోన్ నంబరు ఇవన్నీ మీకు కెనడాతో సంబంధం ఉందని చూపిస్తాయి, రోజులు తక్కువై ఆఫీసర్‌ని దయ చూపించమని అడగాల్సి వస్తే అప్పుడు కొంత పనికొస్తాయి. 730 లెక్కలో మాత్రం మనిషి అక్కడ ఉండాలి. ఇల్లు కొంటే పీఆర్ నిలబడుతుందని చెప్పి అమ్మే ఏజెంట్లని నమ్మకండి, డబ్బు సంగతి తర్వాత, మీ ఐదేళ్లు పోతాయి.

## ల్యాండ్ అయ్యేటప్పుడు, అయ్యాక

ప్రాజెక్ట్ మధ్యలో ఉన్నా, ఒక వారం వెళ్లి ల్యాండ్ అయ్యి వచ్చేస్తే సరిపోతుందా?

సరిపోతుంది, దాన్నే సాఫ్ట్ ల్యాండింగ్ అంటున్నారు. ల్యాండ్ అవ్వడం అంటే పీఆర్‌గా మొదటిసారి కెనడాలో అడుగుపెట్టడం. సీఓపీఆర్ (పీఆర్ మంజూరైందని ఇచ్చే కన్ఫర్మేషన్) కాగితం మీద ఒక ఎక్స్‌పైరీ ఉంటుంది, అది మామూలుగా మీ మెడికల్ చేయించుకున్న రోజు నుంచి ఏడాది లోపు, లేదా పాస్‌పోర్ట్ ముందే ఎక్స్‌పైర్ అయితే ఆ తేదీ. దాన్ని దాటనివ్వకండి. ఫ్యామిలీతో ఉంటే మెయిన్ అప్లికెంట్ ముందు వెళ్లాలి లేదా అందరూ కలిసి వెళ్లాలి, భార్యాపిల్లలని ముందు పంపించి మెయిన్ అప్లికెంట్ తర్వాత వెళ్తానంటే కుదరదు.

కానీ ఒక మాట. సాఫ్ట్ ల్యాండింగ్ చేసిన రోజే ఐదేళ్ల గడియారం మొదలవుతుంది. తిరిగొచ్చి ఇక్కడ ఉద్యోగంలో పడ్డాక "వచ్చే అప్రైజల్ అయ్యాక", "పాప ఎల్‌కేజీ అయ్యాక" అంటూ మూడేళ్లు ఎలా పోతాయో తెలీదు. ల్యాండ్ అయ్యి వచ్చిన వారంలోనే ఫలానా నెలకల్లా వెళ్లిపోవాలి అని ఇంట్లో అందరూ కూర్చుని తేదీ అనుకోండి.

అలా వచ్చేస్తే బెంగళూరులో మాక్సిమమ్ ఎన్నాళ్లు ఉండొచ్చు?

లెక్క ప్రకారం సుమారు మూడేళ్లు. ఉదాహరణకి 2023 మార్చి 10న ల్యాండ్ అయ్యి రెండు వారాలకి వచ్చేశారనుకోండి. మొదటి ఐదేళ్లు 2028 మార్చి 9తో ముగుస్తాయి. వెళ్లి ఇక కదలకుండా ఉండి 730 పూర్తి చెయ్యాలంటే 2026 మార్చి కల్లా అక్కడ ఉండాలి, మొదట ఉన్న ఆ రెండు వారాలు మీకు అదనపు ఊపిరి. ఆ తర్వాత రెండేళ్లు మళ్లీ బయటికి రావడానికి వీలు ఉండదు, చెల్లెలి పెళ్లి అయినా, ఇంట్లో ఎవరికైనా బాగోకపోయినా. అందుకే మూడేళ్లు ఉండొచ్చు అన్నది రూలే గానీ ప్లాన్ కాకూడదు. నన్నడిగితే రెండు, రెండున్నర ఏళ్ల లోపు వెళ్లిపోండి అంటా, మిగిలిన నెలలు కష్టాలకి దాచుకోండి.

పీఆర్ కార్డు రాకముందే ఇండియా వచ్చేశా, ఇక్కడికి పంపిస్తారా?

పంపరు. కార్డు కెనడా అడ్రస్‌కే పోస్ట్ చేస్తారు, బయట దేశాలకి పంపరు. ల్యాండ్ అయిన 180 రోజుల్లోపు కెనడా అడ్రస్ ఇవ్వాలి, అది దాటితే మళ్లీ 50 డాలర్లు కట్టి కార్డుకి అప్లై చేసుకోవాలి. స్నేహితుల అడ్రస్ ఇస్తే వాళ్లు ఇంకో రెండు నెలలు అక్కడే ఉంటారో లేదో కనుక్కోండి, అద్దె ఇళ్లు మారే కాలంలో ఆ ఉత్తరం ఎవరి డబ్బాలో పడుతుందో తెలీదు. కార్డు చేతికి రాకపోతే మీ పీఆర్‌కి ఏమీ కాదు, వెనక్కి వెళ్లడానికి మాత్రం ట్రావెల్ డాక్యుమెంట్ తీసుకోవాల్సి వస్తుంది.

## బెంగళూరులో ఉంటున్నప్పుడు

నేను పనిచేసేది కెనడా కంపెనీకే, బెంగళూరు ఆఫీసులో. ఆ రోజులు లెక్కలోకి వస్తాయి కదా?

ఇది నిజంగా జాగ్రత్తగా చదవండి, చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. కెనడా బ్యాంకులకి, టెక్ కంపెనీలకి ఇక్కడ పెద్ద పెద్ద ఆఫీసులు ఉన్నాయి, ఔటర్ రింగ్ రోడ్డులో మీకే కనిపిస్తాయి. వాటిలో లోకల్‌గా చేరితే ఒక్క రోజు కూడా కలవదు. లెక్కలోకి రావాలంటే మీరు కెనడాలోని బిజినెస్‌కి లేదా అక్కడి ప్రభుత్వానికి ఫుల్ టైమ్ ఉద్యోగి అయ్యుండి, వాళ్లే మిమ్మల్ని ఆ ఉద్యోగంలో భాగంగా బయటి పోస్టుకి అసైన్ చేసి పంపాలి, ఆ పని ముగిశాక మళ్లీ కెనడాలో ఆ కంపెనీలోనే కొనసాగాలి. అసైన్‌మెంట్ అంటే టెంపరరీగా పంపడం, కెనడా ఆఫీసుతో సంబంధం తెగకుండా ఉండడం అని ఫెడరల్ కోర్టు కూడా 2011లో ఒక తీర్పులో చెప్పింది.

కాబట్టి అసైన్‌మెంట్ లెటర్‌లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ పోస్టు, తిరిగి వచ్చాక ఏ పోస్టు అన్నది రాసి ఉండాలి. జీతం కెనడా పేరోల్ నుంచి వస్తోందా అన్నదీ చూస్తారు. ఇంకోటి, కేవలం పీఆర్ నిలబెట్టుకోవడానికి పేరుకి ఒక కంపెనీ పెట్టి అందులో తామే ఉద్యోగం చేస్తున్నట్టు చూపిస్తే అది చెల్లదని రెగ్యులేషన్లలోనే రాసి ఉంది.

టొరంటో కంపెనీలో ఉద్యోగం, మేనేజర్‌ని అడిగి ఇంటి నుంచి, అంటే కోరమంగళ నుంచి, రిమోట్‌గా చేస్తున్నా. ఇది?

మీరు అడిగి వచ్చారు, వాళ్లు పంపలేదు. అసైన్‌మెంట్ అని చెప్పడం చాలా కష్టం. ఆ నెలల్ని బయట ఉన్న రోజులుగానే లెక్కేసుకోండి.

మా ఆయన కెనడా సిటిజన్, నేను పీఆర్, ఇద్దరం చెన్నైలో ఉంటున్నాం. నా పీఆర్ పోతుందా?

కెనడా సిటిజన్ అయిన భర్తతో లేదా భార్యతో కలిసి బయట ఉన్న ప్రతి రోజూ కెనడాలో ఉన్నట్టే లెక్క. కలిసి అంటే మామూలుగా ఒకే ఇంట్లో కాపురం ఉండడం. ఆయన వెలచ్చేరిలో ఉండి మీరు నెల్లూరులో అమ్మగారింట్లో ఏడాదిపాటు ఉంటే ఆ ఏడాది మీద ప్రశ్న వస్తుంది. రెంటల్ అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లు, జాయింట్ అకౌంట్, కరెంటు బిల్లు, ఆయన కెనడా పాస్‌పోర్ట్ పేజీల కాపీలు, మ్యారేజ్ సర్టిఫికెట్ దాచి పెట్టుకోండి. 22 ఏళ్ల లోపు ఉండి పెళ్లి కాని పిల్లలకి కూడా సిటిజన్ అయిన అమ్మతోనో నాన్నతోనో ఉంటే ఇదే లెక్క వర్తిస్తుంది. తిరగేసి మాత్రం కాదు, పిల్లాడు సిటిజన్ అయినంత మాత్రాన వాడితో ఉన్న తల్లిదండ్రుల రోజులు కలవవు.

మా ఆయన కూడా పీఆరే. కలిసి ఉంటే కలుస్తాయా?

ఒక్క సందర్భంలోనే, ఆయన్ని కెనడా కంపెనీ ఫుల్ టైమ్ అసైన్‌మెంట్ మీద పంపి ఉంటే. లేకపోతే ఇద్దరికీ బయట ఉన్న రోజులే.

కడుపుతో ఉన్నా, పురుడుకి పుట్టింటికి వద్దామనుకుంటున్నా. బిడ్డకి పీఆర్ వస్తుందా?

ఆటోమేటిక్‌గా రాదు. తల్లిదండ్రులు ఇద్దరూ పీఆర్ అయినా ఇండియాలో పుట్టిన బిడ్డ ఇండియా పౌరుడే, కెనడాలో వాడికి ఏ స్టేటస్సూ ఉండదు. బిడ్డని స్పాన్సర్ చెయ్యాలి, అంటే వాడి పీఆర్ కోసం మీరు అప్లై చెయ్యాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది, పీఆర్ ఉన్నవాళ్లు స్పాన్సర్ చెయ్యాలంటే కెనడాలో నివసిస్తూ ఉండాలి, ఇక్కడ కూర్చుని చెయ్యడం సిటిజన్లకే కుదురుతుంది. అంటే బిడ్డకి ముందు ఇండియన్ పాస్‌పోర్ట్, తర్వాత విజిటర్ వీసా తీసుకుని వెంట తీసుకెళ్లి అక్కడ స్పాన్సర్ చెయ్యడం ఒక దారి, వీసా రాకపోతే అమ్మ ఇక్కడా నాన్న అక్కడా ఉండి ఆయన అక్కణ్ణుంచి స్పాన్సర్ చెయ్యడం ఇంకో దారి. సొంత పిల్లలకి మామూలుగా ఆదాయం ఇంత ఉండాలన్న షరతు లేదు, అది ఒక ఊరట.

పుట్టింట్లో పురుడు అంటే మనకి ఎంత ధైర్యమో నాకు తెలుసు, వద్దని అనను. కానీ బాలింతగా ఉన్న ఆ నెలల్లో మీ రోజుల లెక్క తగ్గుతూనే ఉంటుంది, దానికి పైన బిడ్డ కాగితాలకి పట్టే కాలం కూడా కలపాలి. అమ్మకి విజిటర్ వీసాయో సూపర్ వీసాయో (అక్కడున్నవాళ్ల తల్లిదండ్రులకి ఇచ్చే వీసా) తీసుకుని ఆవిడనే అక్కడికి పిలిపించుకోవడం వీలవుతుందేమో ముందు ఆలోచించండి. అక్కడ పుడితే బిడ్డ పుట్టుకతోనే కెనడా సిటిజన్.

మా అబ్బాయి పీఆర్, కానీ ఇక్కడ బీటెక్ చేస్తున్నాడు. చదువు కారణంగా మినహాయింపు ఉందా?

చదువుకి మినహాయింపు లేదు. నాలుగేళ్లు ఇక్కడే చదివితే ఐదేళ్లలో 730 రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి, మీరే లెక్క వెయ్యండి. మైనర్‌గా ఉన్నప్పుడు తల్లిదండ్రులే తీసుకొచ్చేస్తే ఆ సంగతిని ఆఫీసర్ సానుభూతితో చూసే అవకాశం ఉంది, పద్దెనిమిది దాటాక తనంతట తాను వెనక్కి వెళ్లడానికి ప్రయత్నించాడా అని అడుగుతారు. సీటు తీసుకునే ముందే ఇంట్లో ఈ మాట తేల్చుకోండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఇక్కడ రెన్యూ చేయించుకుంటే పీఆర్ కార్డుతో ఏమైనా లింక్ చెయ్యాలా?

అక్కర్లేదు, కార్డుకి పాస్‌పోర్ట్ నంబర్‌తో సంబంధం లేదు. కానీ పేరు మాత్రం రెండింట్లో ఒకటే ఉండేలా చూసుకోండి, కొత్త పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుని విడదీసి రాయించుకుంటే టికెట్ దగ్గర తంటా వస్తుంది. పాత పాస్‌పోర్ట్ పారెయ్యకండి, అందులోని స్టాంపులే మీ రుజువు.

ఏ కాగితాలు దాచుకోవాలి? కెనడాలో స్టాంపే వెయ్యలేదు.

అక్కడ ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు మెషీన్ దగ్గరే పని అయిపోతుంది, చాలాసార్లు స్టాంపు వెయ్యరు. అందుకని మన వైపు ఇమ్మిగ్రేషన్ స్టాంపులు ఉన్న పేజీలు ఫోటో తీసుకోండి. ఒక ఎక్సెల్ షీట్ పెట్టి వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, ఫ్లైట్ నంబర్, ఎందుకు వచ్చారు అన్నది ట్రిప్ అవ్వగానే రాసుకోండి, ఐదేళ్ల తర్వాత గుర్తు చేసుకుందామంటే ఎవరికీ గుర్తుండదు. బోర్డింగ్ పాసులు, ఈ-టికెట్ మెయిల్స్ ఒక ఫోల్డర్‌లో పడెయ్యండి. అక్కడ ఉన్న కాలానికి టీ4 (కంపెనీ ఇచ్చే జీతం, టాక్స్ స్లిప్పు), నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (టాక్స్ ఫైల్ చేశాక ప్రభుత్వం పంపే కాగితం), లీజు, జీతం స్లిప్పులు, పిల్లల స్కూలు లెటర్లు బలమైన సాక్ష్యం. వచ్చిపోయిన రికార్డు సీబీఎస్‌ఏ (కెనడా బోర్డర్ ఏజెన్సీ) దగ్గర ఉంటుంది, దాన్ని మీరు అడిగి తెప్పించుకోవచ్చు కూడా. విమానంలో దేశం విడిచి వెళ్లేవాళ్ల వివరాలు కూడా 2020 నుంచి ఎయిర్‌లైన్ల ద్వారా వాళ్లకి అందుతున్నాయి, కాబట్టి మీ షీటూ వాళ్ల రికార్డూ ఒకటే చెప్పాలి.

ఇక్కడ ఎక్కువ రోజులు ఉంటే అక్కడి హెల్త్ కార్డు సంగతి?

అది రాష్ట్రాన్ని బట్టి, పీఆర్ లెక్కతో సంబంధం లేకుండా నడుస్తుంది. ఒంటారియో ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఓహిప్‌కి మామూలుగా ఏ 12 నెలల్లోనైనా 153 రోజులు అక్కడ ఉండాలి. పీఆర్ నిలబడి హెల్త్ కవరేజ్ పోవడం పూర్తిగా సాధ్యమే.

## తిరిగి వెళ్లేటప్పుడు

కార్డు ఎక్స్‌పైర్ అయిపోయింది. పీఆర్ పోయినట్టేనా?

కాదు. ఈ ఒక్క మాట కోసమైనా ఇది రాయాలనిపించింది, ఎందుకంటే కార్డు తేదీ చూసి ఇక అయిపోయిందని ఏడ్చినవాళ్లనీ చూశా, కార్డు ఇంకా రెండేళ్లు ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లనీ చూశా, రెండూ తప్పే. కార్డు అనేది ప్రయాణానికి, గుర్తింపుకి. పీఆర్ స్టేటస్ దానంతట అది పోదు. మీరు సిటిజన్ అయితే, మీరే రాతపూర్వకంగా వదులుకుంటే, దేశం విడిచి వెళ్లమనే రిమూవల్ ఆర్డర్ అమల్లోకి వస్తే, లేదా రోజులు సరిపోలేదని ఆఫీసర్ నిర్ణయించి అప్పీల్ కూడా ముగిసిపోతే, అప్పుడే పోతుంది. అప్పటిదాకా మీరు పీఆరే.

మరి కార్డు లేకుండా బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ ఎక్కనిస్తారా?

ఎక్కనివ్వరు. దేవనహళ్లిలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే కార్డు అడుగుతారు. అప్పుడు పీఆర్‌టీడీ అంటే పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్ తీసుకోవాలి. ఫీజు 50 కెనడా డాలర్లు, ఆన్‌లైన్ పోర్టల్‌లో అప్లై చేసుకోవచ్చు, పాస్‌పోర్ట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు వీఎఫ్ఎస్ అనే వీసా అప్లికేషన్ సెంటర్‌లో ఇస్తారు, బెంగళూరులోనూ చెన్నైలోనూ ఉంది. మామూలుగా అది ఒక్కసారి వెళ్లడానికే పనికొస్తుంది.

గుర్తు పెట్టుకోవాల్సింది ఏంటంటే దానికి అప్లై చెయ్యగానే మీ ఐదేళ్ల రోజులన్నీ లెక్కపెడతారు. అప్లై చేసే ముందే మీ షీట్ తీసి నిజాయితీగా లెక్కేసుకోండి, రోజులు సరిపోతే కాగితాలు పెట్టి వెయ్యండి, సరిపోకపోతే కారణాలు వివరంగా రాసి, వాటికి రుజువులతో సహా వెయ్యండి. ఏ వివరణా లేకుండా ఉత్తి ఫామ్ నింపి పంపేస్తే మాత్రం రిజెక్షన్ అడిగి తెచ్చుకున్నట్టే. టికెట్ అప్రూవల్ వచ్చాకే కొనండి.

ఈ గొడవంతా ఎందుకు, విజిటర్ వీసా తీసుకుని వెళ్తే?

పీఆర్ ఉన్నంతకాలం మీకు విజిటర్ వీసా ఇవ్వరు, ముందు పీఆర్ వదులుకోమంటారు. ఫామ్‌లో పీఆర్ సంగతి దాచి అప్లై చేస్తే అది మిస్‌రెప్రజెంటేషన్, ఐదేళ్ల బ్యాన్ దాకా పోతుంది.

అమెరికా వీసా ఉంది, అటు నుంచి కారులో బోర్డర్ దాటొచ్చు అంటున్నారు?

నిజమే. ప్రైవేట్ కారులో వెళ్తే పీఆర్ కార్డు లేకపోయినా సీఓపీఆర్, పాస్‌పోర్ట్ లాంటి కాగితాలతో మీరు పీఆర్ అని చూపించి లోపలికి వెళ్లొచ్చు, పీఆర్ అయినవాళ్లకి కెనడాలో అడుగుపెట్టే హక్కు ఉంది. బస్సు, రైలు, విమానం అయితే కార్డో పీఆర్‌టీడీయో కావాలి. అయితే కారులో వెళ్లినా బోర్డర్‌లో ఆఫీసర్ రోజుల గురించి అడగొచ్చు, ఆ పరీక్ష తప్పించుకునే దారి కాదిది.

కార్డు ఇంకా నాలుగు నెలలే ఉంది, ఇక్కణ్ణుంచి రెన్యూవల్ వేసెయ్యనా?

రెన్యూవల్‌కి మీరు కెనడాలో ఉండి అప్లై చెయ్యాలి. తొమ్మిది నెలలకన్నా తక్కువ వ్యాలిడిటీ మిగిలినప్పుడు వెయ్యొచ్చు, కాబట్టి అక్కడ ఉన్నప్పుడే, ఇండియా ట్రిప్‌కి ముందే ఆ పని పూర్తి చేసుకోండి. నాలుగు నెలలు ఉన్నాయి అంటే ఆ లోపే అక్కడ దిగండి, అక్కడ దిగాక అప్లై చెయ్యండి.

దిగాక ఆఫీసర్ ఏం అడుగుతారు?

ఎన్నాళ్లుగా బయట ఉన్నారు, ఎందుకు, ఇప్పుడు ఉండటానికే వచ్చారా. అంతే, చాలామందికి. అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కథలు కట్టకండి, తెలీని తేదీ అడిగితే షీట్ చూసి చెప్పండి.

## రోజులు తక్కువైతే

నాన్నకి బైపాస్ అయ్యి ఇక్కడే ఉండిపోయా. 730 రావు. ఏమైనా దారి ఉందా?

ఉంది. హ్యుమానిటేరియన్ అండ్ కంపాషనేట్ గ్రౌండ్స్ అని చట్టంలోనే ఉంది, ఆఫీసర్ మీ పరిస్థితి అంతా చూసి రోజులు తక్కువైనా పీఆర్ ఉంచొచ్చు. ఏం చూస్తారంటే ఎన్ని రోజులు తక్కువ, ఎందుకు వచ్చారు, ఎందుకు ఉండిపోవాల్సి వచ్చింది, వీలు దొరకగానే వెనక్కి రావడానికి ప్రయత్నించారా, కెనడాలో మీరు ఎంత వేళ్లూనుకున్నారు, పీఆర్ పోతే మీకూ పిల్లలకీ ఎంత కష్టం.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు, "నాన్నగారికి బాగోలేదు" అని ఒక్క లైన్ రాస్తారు. బాగోలేదు అన్నది అందరూ రాస్తారు. మీరు రాయాల్సింది ఏ నెలలో ఏం జరిగింది, ఆయన్ని చూసుకోవడానికి ఇంకెవరూ ఎందుకు లేరు, అన్నయ్య ఉంటే అన్నయ్య ఎందుకు కుదరలేదు, అమ్మ ఒంటరిగా ఎందుకు చెయ్యలేకపోయింది, ఆయన కోలుకున్నాక మీరు ఎన్నాళ్లకి బయల్దేరారు. డిశ్చార్జ్ సమ్మరీ, ఫాలో-అప్ చీటీలు, డాక్టర్ లెటర్, అన్నీ తేదీల వరసలో పెట్టండి. తెలుగులోనో కన్నడంలోనో ఉన్న కాగితాలకి సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ జత చెయ్యండి. నాన్న కోలుకుని ఏడాది దాటాక కూడా మీరు ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఉన్నారనుకోండి, ఆ ఏడాదికి ఆయన ఆరోగ్యం కారణం అవ్వదు, ఆఫీసర్ ఆ గ్యాప్‌నే పట్టుకుంటారు. కాబట్టి వీలు కుదిరిన మొదటి నెలలోనే కదలండి.

పీఆర్‌టీడీ రిజెక్ట్ అయింది. ఇప్పుడు?

నిర్ణయం చేతికి వచ్చిన 60 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి అప్పీల్ చెయ్యండి. అప్పీల్ నడుస్తున్నంతకాలం మీ పీఆర్ బతికే ఉంటుంది. ఆఫీసర్ మీ రోజులు లెక్కపెట్టిన ఆ పరీక్షకి ముందు 365 రోజుల్లో ఒక్కసారైనా మీరు కెనడాలో ఉండి, అప్పీల్ కూడా వేసి ఉంటే, వెనక్కి వెళ్లడానికి ట్రావెల్ డాక్యుమెంట్ ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఈ సంగతి చాలామందికి తెలీక 60 రోజులూ బాధపడుతూ కూర్చుని గడువు దాటబెట్టుకుంటారు. ఈ స్టేజ్‌లో మాత్రం లైసెన్స్ ఉన్న కెనడా లాయర్‌కి డబ్బు పెట్టడం దండగ కాదు.

రోజులు సరిపోలేదని ఎయిర్‌పోర్ట్‌లోనే ఆఫీసర్ రిపోర్ట్ రాస్తే అక్కణ్ణుంచే వెనక్కి పంపేస్తారా?

పంపరు. రిపోర్ట్ రాసి డిపార్చర్ ఆర్డర్ (దేశం విడిచి వెళ్లమనే ఆర్డర్) ఇచ్చినా మిమ్మల్ని లోపలికి రానిస్తారు, 30 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు, అప్పీల్ తేలేదాకా అక్కడే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. రిపోర్ట్ రాయకుండా లోపలికి పంపేస్తే అదృష్టం, అప్పుడు 730 నిండేదాకా దేశం దాటకుండా, కార్డు రెన్యూవల్‌కి వెయ్యకుండా అక్కడే ఉంటే కొత్త రోజులు కలుస్తూ పాత గ్యాప్ జారిపోతుంది.

పాస్‌పోర్ట్‌లో స్టాంపులు "సర్దుతాం" అంటున్నాడు ఒక ఏజెంట్.

దగ్గరికి రానివ్వకండి. బ్రిటిష్ కొలంబియాలో ఒక కన్సల్టెంట్ వందలమంది క్లయింట్లకి దొంగ స్టాంపులు వేసి, వాళ్లు కెనడాలోనే ఉన్నట్టు చూపించి దొరికిపోయాడు, 2015లో అతనికి ఏడేళ్ల జైలు పడింది, అతని ద్వారా వెళ్లినవాళ్ల ఫైళ్లన్నీ మళ్లీ తవ్వారు. రోజులు తక్కువైతే దయ అడగడానికి దారి ఉంది, అబద్ధం ఆడి దొరికితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఇక వెళ్లే ఉద్దేశం లేదు, వదిలేసుకుంటే నష్టమా?

వాలంటరీగా రినౌన్స్ చేసే ఫామ్ ఉంది. చెయ్యడం వల్ల చెడ్డపేరు ఏమీ రాదు, తర్వాత టూరిస్ట్‌గా వెళ్లాలన్నా మళ్లీ పీఆర్‌కి అప్లై చెయ్యాలన్నా వీలుంది. అక్కడ ఉన్న కూతుర్ని చూడ్డానికి ఎప్పుడైనా వెళ్తే చాలు అనుకునే పెద్దవాళ్లకి ఇదే ప్రశాంతమైన దారి అని నా అభిప్రాయం.

## సిటిజన్‌షిప్ వైపు

730 ఉంటే సిటిజన్‌షిప్‌కి కూడా సరిపోతుందా?

సరిపోదు. దానికి అప్లై చేసే రోజుకి ముందు ఐదేళ్లలో 1095 రోజులు కావాలి. పీఆర్ రాకముందు స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్న రోజులు సగం చొప్పున, మాక్సిమమ్ 365 దాకా కలుపుతారు. సిటిజన్ భర్తతో చెన్నైలో ఉన్న రోజులు పీఆర్‌కి కలుస్తాయి గానీ ఇక్కడ కలవవు, కంపెనీ అసైన్‌మెంట్ రోజులు కూడా అంతే. సరిగ్గా 1095కి వెయ్యకండి, ఒక ట్రిప్ తేదీ తప్పు పడినా ఫైల్ వెనక్కొస్తుంది, కొన్ని వారాలు అదనంగా ఉంచుకోండి.

సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి తమ్ముడి పెళ్లికి రావచ్చా?

రావచ్చు. వ్యాలిడ్ పీఆర్ కార్డు పట్టుకుని రండి, మెయిల్ రోజూ చూసుకోండి, టెస్ట్ గానీ ప్రమాణం గానీ పిలిస్తే గడువులోపు చెయ్యాలి. ప్రమాణం చేసేదాకా మీరు పీఆరే, 730 రూలు ఇంకా మీ మీద ఉంది.

ప్రమాణం అయిపోయింది, వచ్చే వారం బెంగళూరుకి టికెట్ ఉంది, ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే వచ్చేయనా?

వద్దు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, కెనడా సిటిజన్ అయిన క్షణం నుంచి 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మీరు ఇండియా పౌరులు కారు, ఆ పాస్‌పోర్ట్ మీద ప్రయాణిస్తే పెనాల్టీ పడుతుంది. కెనడా పాస్‌పోర్ట్ తీసుకుని, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకుని, ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) వెయ్యాలి, ఓసీఐ వచ్చేలోపు రావాలంటే ఇండియా వీసా కావాలి. ఇవన్నీ వారంలో తెమిలేవి కావు, ఆ టికెట్ తేదీ మార్చుకోండి.